చీపురుకట్ట మేడం

మా మరదలికి ఆఫీసులో పెట్టిన పేరు చీపురుకట్ట మేడం. ఎదురుగా ఎవరూ అనరు, అనే ధైర్యం ఎవరికీ లేదు. కానీ వాళ్ళ ఆఫీసు నా దుకాణానికి రెండు వీధుల అవతలే. నేను కొత్త బట్టలు కుట్టను, ఉన్నవాటిని సరిచేస్తాను. ప్యాంట్లు పొడుగయ్యాయనీ, పొట్ట పెరిగి చొక్కాలు బిగుసుకున్నాయనీ ఆ ఆఫీసువాళ్ళంతా నా దగ్గరికే వస్తారు. కొలతలిచ్చేటప్పుడు మనిషి నోరు ఊరికే ఉండదు కదా, అలా ఆ పేరు నా చెవిన పడింది. విని కడుపుబ్బ నవ్వాను. నవ్వినందుకు మా తమ్ముడు నా మీద అలిగాడు. అప్పట్లో వాడు అలిగేవాడు, నవ్వేవాడు, పెళ్ళాన్ని ఎవరైనా ఒక్క మాటంటే మీదికొచ్చేవాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె ఇంట్లో తువ్వాళ్ళు అంచుకి అంచు ఆనుకుని ఉంటాయి. టీ తాగుతూ కప్పు పక్కన పెడితే, రెండో గుక్కకి మనం చెయ్యి చాచేలోపు దాని కింద తడి తుడిచేసి ఉంటుంది. నేను వెళ్ళినప్పుడల్లా నా బట్టలకి అంటుకున్న దారపు పోగుల్ని మాట్లాడుతూ మాట్లాడుతూనే ఒక్కొక్కటీ ఏరి గుప్పిట్లో పెట్టుకునేది. మర్యాదగానే చేసేది, కానీ నాకు ఒళ్ళు మండేది. "ఇల్లా ఇది, ఆసుపత్రా?" అని దెప్పేదాన్ని. "ఆసుపత్రులు ఇంత శుభ్రంగా ఎక్కడుంటాయి వదినా" అనేది, నేను మెచ్చుకున్నాననుకుని.

ఆమె పనేమిటో నా బుర్రకెక్కడానికి చాలా కాలం పట్టింది. వాళ్ళ కంపెనీ, రక్తం నిల్వ చేసే ఫ్రిజ్‌లకి సాఫ్ట్‌వేర్ రాస్తుంది. లోపల చల్లదనం ఎంతుందో కనిపెట్టుకుని ఉండి, హద్దు దాటితే అలారం మోగించడం దాని పని. ఆ ఒక్క ప్రోగ్రాం మీద బోలెడంతమంది కూర్చుంటారు. ఒకరు రాసింది ఇంకొకరు చెరపకుండా, ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకుంటూ, చివరికి అందరి పనినీ ఒకటిగా కలపడానికి వాళ్ళకి ఒక టూల్ ఉంది. ఏదైనా మార్చాలంటే అసలుదాన్ని ముట్టుకోరు. దాని నకలు లాంటిది ఒకటి పక్కన తీసుకుని అందులో మార్చుకుంటారు. దాన్ని బ్రాంచ్ అంటారు. పనయ్యాక దాన్ని తెచ్చి అసలుదాంట్లో కలుపుతారు, దాన్ని మర్జ్ అంటారు. ఆ కలిపే చోట కాపలా మా మరదలిది.

ఆ కాపలాలో ఆమె పెట్టిన రూలు ఒకటుంది. మనిషన్నాక ఒక మార్పు కోసం రాస్తాడు, కొట్టేస్తాడు, మళ్ళీ రాస్తాడు. ఆ తంటాలన్నీ ఎవరికి కావాలి? అన్నిటినీ ఒకే ముద్ద చేసి కలపాలి, కలిపిన వెంటనే బ్రాంచ్‌ని చెరిపెయ్యాలి. వారాంతానికి పాత బ్రాంచ్ ఒక్కటి కూడా కంటికి కనపడకూడదు. శుక్రవారం సాయంత్రం కుర్చీ కుర్చీకీ తిరిగి, "ఇదెందుకుంది ఇంకా? కలిపేశారుగా, తీసెయ్యండి" అనేది. ఆఫీసువాళ్ళు దానికి ఊడ్పు అని పేరు పెట్టారు. ఊడ్పుకి దొరక్కుండా టీ వంకతో పారిపోయేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు.

పారిపోయేవాళ్ళలో మొదటివాడు ఒక బక్కపలచటి ప్రోగ్రామర్. ఏదీ చెరపడు. ఎన్నో ఏళ్ళ నాటి బ్రాంచ్‌లు, సగం రాసి వదిలేసినవి, ఎందుకు మొదలుపెట్టాడో వాడికే తెలియనివి, అన్నీ వాడి ల్యాప్‌టాప్‌లో పడి ఉండేవి. మా మరదలు వాడికి చెత్తబుట్ట అని పేరు పెట్టింది. వాడు దాన్ని బిరుదులా మోసేవాడు. నా దుకాణానికి వచ్చినప్పుడు కూడా, "చెత్తబుట్ట ప్యాంటు రెడీనా అక్కా?" అని అడిగేవాడు.

ఇక ఊడ్పు మొదలవకముందే బల్ల తుడుచుకుని చేతులు కట్టుకుని కూర్చునేది మా తమ్ముడు. మొగుడూ పెళ్ళాం ఒకే టీంలో పనిచేశారు. ఆఫీసులో మీరు, ఇంట్లో నువ్వు. మర్జ్ అయిన మరుక్షణం బ్రాంచ్ చెరిపేసేవాడు. పెళ్ళాం మాట జవదాటడని అందరూ ఏడిపిస్తే కాలర్ ఎగరేసేవాడు. చిన్నప్పుడు నేను అరిచి గీపెట్టినా పుస్తకాలు సర్దని వెధవ, ఎవరో వచ్చి చెబితే గీత గీసినట్టు సర్దుకుంటున్నాడే అని నాకు లోపల కుళ్ళుగా ఉండేది. ఉన్నమాట చెప్పుకుంటే తప్పేముంది.

అలా ఉండగా ఒకచోట ఫ్రిజ్‌లో సెన్సర్ వైరు ఊడిపోయింది. లోపల వేడెక్కిపోతున్నా తెర మీద మాత్రం వైరు ఊడకముందు నాటి చల్లటి అంకే కనిపిస్తూ కూర్చుంది. అలారం మోగలేదు. సెలవులయ్యాక తలుపు తీసి చూస్తే నిల్వ రక్తం మొత్తం పాడైపోయింది. ఎవరికి అవసరమై ఎవరికి అందలేదో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అసలు సంగతేమిటంటే, అలాంటి ముప్పుందని కంపెనీకి ముందే తెలుసు. వైరు ఊడితే అలారం మోగేలా మార్చమని అంతకు కొన్ని నెలల ముందే మా తమ్ముడికి అప్పగించారు. వాడు మార్చేశానని చెప్పాడు. బయటికి వెళ్ళిన ప్రోగ్రాంలో ఆ మార్పు లేదు.

దాని మీద ఆఫీసులో పెట్టిన మీటింగులో ఏం జరిగిందో మా వాళ్ళిద్దరిలో ఎవరూ నాకు చెప్పలేదు. చెత్తబుట్ట చెప్పాడు.

"నేను రాశాను సార్" అన్నాడట మా తమ్ముడు. టీం లీడర్ వైపు తిరిగి, "మీరే నా వెనక నిలబడి చూశారు, బాగుందన్నారు" అన్నాడట.

టీం లీడర్ గడ్డం గోక్కున్నాడట. "ఏదో చూసిన గుర్తుంది. అదేనా అంటే చెప్పలేను."

పరీక్షించాల్సినవాడు వైరు పీకి చూడనేలేదు. ఆ వారం పరీక్షల ఫ్రిజ్‌ని ఇంకో గదిలోకి మారుస్తున్నారు. మా తమ్ముడు చేశానన్నాడు కాబట్టి చేసే ఉంటాడని సరే అని రాసేశాడు. టూల్‌లో చూస్తే మా తమ్ముడి ముద్ద ఉంది. అందులో వాడు చేసిన చిన్న చిన్న మార్పులున్నాయి, అలారం మార్పు లేదు. బ్రాంచ్ తీసి చూద్దామంటే వాడు ఎప్పుడో చెరిపేశాడు. చెరిపేసినవి కొంతకాలం టూల్‌లో ఒక మూల పడుంటాయట, ఆ తర్వాత టూలే ఊడ్చేస్తుందట. ఆ గడువూ దాటిపోయింది.

అప్పుడు కంపెనీ పెద్దాయన మా మరదలిని అడిగాడు. "మేడం, టూల్ ఏమైనా మింగేసే అవకాశం ఉందా?"

"టూల్ అబద్ధం చెప్పదు సార్" అంది. ఆ తర్వాత మొగుడి వైపు తిరిగి, "మీరు రాసుంటే ఇక్కడ ఉండేది" అంది.

ఆఫీసు కాబట్టి మీరు అంది. ఆ మీరు దగ్గర మా తమ్ముడి ముఖం ఎలా అయిపోయిందో చెప్పలేక చెత్తబుట్ట నా కొలతల టేపు చేతికి చుట్టుకుంటూ ఉండిపోయాడు.

వాడిని తీసేశారు. తప్పు చేసుంటే సరిదిద్దుకోవచ్చు, చెయ్యని పని చేశానన్నాడు, అదీ రక్తం విషయంలో, అన్నారు. వేరే ఉద్యోగం కోసం వాడు ఎక్కడికెళ్ళినా ఆ మాట వాడికంటే ముందే వెళ్ళి కుర్చీ వేసుకుని కూర్చునేది. ఇంటికొచ్చాక పెళ్ళాన్ని ఒక్కసారి అడిగాడట, "నువ్వు కూడానా?" అని. ఆమె కసురుకోలేదు, మెత్తగానే చెప్పిందట. "నువ్వు మర్చిపోయుంటావు. మనుషులన్నాక మర్చిపోతారు, అందులో ఏముంది?" కేకలేసుకుని కంచాలు విసిరేసుకున్నా బాగుండేది. ఆ మెత్తటి మాటకి బదులు చెప్పడానికి ఏముంటుంది? వాడు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే బల్ల మీద తిన్నారు, తువ్వాళ్ళు ఎప్పటిలాగే అంచుకి అంచు ఆనుకుని ఉన్నాయి.

ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుందని నేనే వాడిని దుకాణానికి లాక్కొచ్చాను. మిషను మీద కూర్చోలేదు. కుట్లు విప్పే పని ఎంచుకున్నాడు. కోటు లోపలి గుడ్డ విప్పడం, జిప్పులు ఊడదీయడం, మడతలు తెరవడం. సన్నటి కత్తెరతో గుడ్డ చిరగకుండా అంత నాజూగ్గా నేను కూడా విప్పలేను. కానీ విప్పిన ప్రతిదాన్నీ ఫోన్లో ఫోటో తీసేవాడు. ఇచ్చేసిన ప్రతి చొక్కానీ తీసేవాడు. సాయంత్రం షట్టర్ దించి తాళం వేశాక ఆ తాళాన్నీ తీసేవాడు. మొదట్లో నేను ఎగతాళి చేశాను. "తాళానికి పెళ్ళి సంబంధాలు చూస్తున్నావా ఏంట్రా, రోజూ ఫోటోలు?" అన్నాను. వాడు నవ్వలేదు. "రేపు అడిగితే చూపించాలి కదక్కా" అన్నాడు. ఎవరడుగుతార్రా నిన్ను అని అనబోయి నోరు కుట్టేసుకున్నాను.

అలా చాలా కాలం గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం మా మరదలు దుకాణానికి వచ్చింది. ఆ వేళప్పుడు ఆమె ఎప్పుడూ రాదు. తమ్ముడు వెనక గదిలో ఉన్నాడు. ఆమె లోపలికి రాకుండా గుమ్మం పక్కనే నిలబడి నన్ను సైగ చేసి బయటికి పిలిచింది. 

"వదినా, టూల్ తయారుచేసినవాళ్ళు నోటీసు పెట్టారు" అంది.

ఆమె చెప్పింది నాకు ఎక్కిన మేరకు చెబుతాను. ఒకరు ఒక ఫోల్డర్ పేరు మారుస్తారు. అదే సమయంలో ఇంకొకరు పాత పేరుతోనే ఉన్న ఆ ఫోల్డర్‌లోని ఫైల్లో ఏదో రాస్తారు. రెండూ కలిపేటప్పుడు ఆ రాసింది కొత్త పేరు కిందకి చేరాలి. ఆ టూల్ పాత వెర్షన్లు బుద్ధిగా చేర్చేవి. ఆ మధ్య వచ్చిన ఒక వెర్షన్ మాత్రం కొన్నిసార్లు చేర్చలేదు. పోనీ ఏదో తేడా వచ్చిందని నోరు విప్పి చెప్పిందా? లేదు, అంతా చక్కగా కలిసిందనే చెప్పింది. నిన్నటిదాకా సరిగ్గా చేసిన పనిని కొత్త వెర్షన్ చెడగొట్టుకుంటే రిగ్రెషన్ అంటారట. నా భాషలో చెప్పాలంటే, చొక్కా వదులు చెయ్యమని ఇస్తే వదులు చేసి, ఒక చెయ్యి ఊడదీసి, చక్కగా ఇస్త్రీ చేసి మడతపెట్టి ఇవ్వడం.

"ఆ వెర్షన్ మీ దగ్గర ఎప్పుడుంది?" అని నేనే అడిగాను.

"ఆయన మర్జ్ చేసినప్పుడు."

"ఫోల్డర్ పేరు ఎవరు మార్చారు?"

ఆమె నా చేతికి అంటుకున్న దారప్పోగు ఒకటి తీసింది. తీసి గుప్పిట్లో పెట్టుకుంది. "నేనే. పేర్లన్నీ గందరగోళంగా ఉన్నాయని ఆ వారమే ఒక వరసలో పెట్టాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వీధి అని కూడా చూడకుండా, "టూల్ అబద్ధం చెప్పదన్నావు కదే! నిండు సభలో అన్నావు కదే!" అని అరిచాను. పక్క కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన తల బయటపెట్టి చూశాడు. ఆమె నన్ను అరవనిచ్చింది. చివరికి, "ఆయనకి ఇప్పుడే చెప్పొద్దు వదినా. రుజువు దొరికాక నేనే చెబుతాను. ఆశపెట్టి లాగేసుకుంటే తట్టుకోలేడు" అంది. అది మాత్రం నిజం. సరేనన్నాను.

నోటీసు వల్ల తమ దగ్గర ఎంత నష్టం జరిగిందో తేల్చే పని కంపెనీ ఆమెకే అప్పగించింది. ఆ వెర్షన్‌తో జరిగిన మర్జ్‌లన్నీ ఒక్కొక్కటీ తీసి చూడాలి. ఫోల్డర్ పేరు మారిన చోటే ఇంకొకరు రాసినవేమైనా ఉన్నాయా, ఉంటే ఆ రాత మిగిలిందా పోయిందా. చూసే పద్ధతి కూడా ఒకటే. రెండు వైపుల బ్రాంచ్‌లనీ తెచ్చి, ఒకసారి ఆ పాడు వెర్షన్‌తో, ఒకసారి మంచి వెర్షన్‌తో మళ్ళీ కలిపి, రెంటికీ తేడా చూడటం. వినడానికి తేలిగ్గా ఉంది కదా. బ్రాంచ్‌లేవీ? ఏళ్ళ తరబడి శుక్రవారం శుక్రవారం ఊడ్చి పారేయించింది ఎవరు? కలపకముందు ఏముందో చెప్పే ఆనవాలు ఎక్కడా లేదు. ముద్దలు మాత్రం ఉన్నాయి, అద్దంలా మెరుస్తూ.

ఆ వారంలో చెత్తబుట్ట వచ్చాడు. చేతిలో ఏ బట్టా లేదు. వెనక గదిలో తమ్ముడున్నాడని చూసి గొంతు తగ్గించాడు.

"మేడం నా దగ్గరికొచ్చారక్కా. 'మీ చెత్తంతా ఉందా ఇంకా?' అని అడిగారు. తిడతారేమోనని సగం చెరిపేశానన్నాను. ఆవిడ ముఖం చూసి మళ్ళీ నిజం చెప్పాను, ఏదీ చెరపలేదు మేడం, అన్నీ ఉన్నాయి అని. నా కుర్చీ పక్కన కింద కూర్చుండిపోయి ఏడ్చారక్కా. అందరూ చూస్తుండగా."

వాడి చెత్త పనికొచ్చింది. వాడి పాత బ్రాంచ్‌లని మళ్ళీ కలిపి చూస్తే పాడు వెర్షన్ రెండు చోట్ల వాడి రాతని మింగేసింది. మింగిన సంగతి వాడు కూడా గమనించలేదు, ఎందుకంటే అవి ఏ బటన్ రంగులో, అక్షరాల సైజులో. అంటే ఆ జబ్బు వాళ్ళ ఆఫీసుకి నిజంగా తగిలిందని తేలిపోయింది. టీంలో ఇంకా ఒకరిద్దరు బద్ధకస్తుల దగ్గర కూడా పాత బ్రాంచ్‌లు దొరికాయి. వాళ్ళ పనిలో ఏది పోయిందో ఏది నిలిచిందో తేలింది. ఎవరెవరు చీపురుకట్ట మేడం మాట పెడచెవిన పెట్టారో వాళ్ళంతా బయటపడ్డారు. తు.చ. తప్పకుండా విన్న వాడొక్కడే మిగిలిపోయాడు.

ఆమె వెతకని చోటు లేదు. మా తమ్ముడు వెనక్కిచ్చిన ల్యాప్‌టాప్ కోసం సామాన్ల గదికి వెళ్ళింది. దాన్ని తుడిచేసి ఎప్పుడో కొత్తగా చేరిన ఒకమ్మాయికి ఇచ్చేశారట. ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి ఆ ల్యాప్‌టాప్‌ని చేత్తో తడిమి చూసి వచ్చేసింది. బ్యాకప్‌లు అడిగితే, అవి ఏడాదికోసారి పాతదాని మీదే కొత్తది రాసుకుంటాయన్నారు. టీం లీడర్ వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడాడు. "ఏదో చూసిన గుర్తుందమ్మా" అన్నాడు, అప్పటిలాగే. గట్టిగా ఆలోచించమని బతిమాలితే, "ఇంత కాలమయ్యాక నాకు గుర్తుందని చెబితే అది అబద్ధమవుతుంది" అన్నాడు. ముందు చెప్పినప్పుడు మాత్రం అది మహా నిజమైపోయినట్టు.

చివరికి ఆమె రిపోర్ట్ రాయడానికి కూర్చునే ముందురోజు మళ్ళీ నా దగ్గరికొచ్చింది. ఈసారి నేనే షట్టర్ సగం దించి, తమ్ముణ్ణి దారాలు కొనుక్కురమ్మని పంపించాను. మూడు గుంపులుగా రాయాలట. దెబ్బతిన్నవి, దెబ్బతిననివి, తేల్చలేనివి.

"ఆయనది తేల్చలేని వాటిలో వస్తుంది వదినా."

"దెబ్బతిన్న వాటిలో రాసెయ్యి" అన్నాను.

"ఎలా రాస్తాను?"

"చేత్తో రాస్తావు. పేరు మారింది, వాడు రాశానన్నాడు, అది పోయింది, ఆ పాడు టూల్ అలాంటివే మింగుతుందని మీకే తెలిసింది. ఇంకేం కావాలి? ఎవడొచ్చి చూస్తాడు?"

"అన్నీ సరిపోతున్నాయి. కానీ ఆయన రాశాడని చెప్పేది ఒక్కటీ లేదు. ఆయన రాయకపోయినా ఇలాగే కనిపిస్తుంది." ఆమె మాట వంకరపోలేదు. "ఆ రిపోర్ట్ చూసుకునే ఏ ఫ్రిజ్‌లో ఏ వెర్షన్ మార్చాలో నిర్ణయిస్తారు. అందులో ఒక్కటి నేను కల్పించి రాస్తే మిగతా వాటికి విలువేముంటుంది?"

"రూలు పట్టుకుని వాణ్ణి ముంచావు. ఇప్పుడు రూలు వదిలి తేల్చవా?"

"వదిలితే నేను చెప్పింది ఆయన కూడా నమ్మడు వదినా."

నేను ఆమెని కొట్టాలన్నంత కోపంతో ఉన్నాను. అదే సమయంలో ఆమె మీద జాలేసింది. ఇలాంటి మనిషి కాబట్టే కదా వాడు చేసుకున్నాడు, ఏదైనా ఉన్నదున్నట్టు చెబుతుందని మురిసిపోయేవాడు కదా. ఆ గుణమే తీసుకెళ్ళి గోతిలో పడేస్తుందని ఎవరికి తెలుసు? ఇద్దరం ఏడ్చాం. ఆమె కళ్ళు తుడుచుకుని, అలవాటు కొద్దీ నా బల్ల మీది సుద్దముక్కలు సైజు ప్రకారం సర్దింది. నేను వాటిని మళ్ళీ చెదరగొట్టాను.

రిపోర్ట్ ఇచ్చింది. పెద్దాయన తేల్చలేనివి అన్న మాట చూసి ఇబ్బంది పడ్డాడట. ఆ మాట వింటే ఆసుపత్రులవాళ్ళు భయపడతారు, 'నష్టం జరిగినట్టు ఆధారం లేదు' అని మార్చండి అన్నాడట. మార్చనంది. ఆయనేం గొడవపడలేదు. మొదటి పేజీలో తనే ఆ ముక్క రాసుకుని, ఆమె రాసిందాన్ని చివర్లో ఎవరూ తిప్పని పేజీల్లోకి నెట్టాడు. ఆమె ఇంకో సంగతి కూడా అడిగింది. "మా ఆయన్ని అబద్ధం చెప్పాడని తీసేశారు, అది అబద్ధం కాకపోయుండొచ్చు అని ఒక్క వాక్యం రాసివ్వండి చాలు" అంది. ఉద్యోగం అడగలేదు. ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆవిడ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, ఎంతో దయగా చెప్పిందట. "మీ రిపోర్ట్‌లో మీరే తేల్చలేమని రాశారు కదండీ. మేమెలా రాయగలం?"

ఆ సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి నేరుగా దుకాణానికే వచ్చింది. ఈసారి నన్ను పిలవలేదు. వెనక గదిలోకి వెళ్ళి, స్టూలు లాక్కుని వాడి ఎదురుగా కూర్చుంది. వాడు ఒక ముసలాయన కోటు లోపలి గుడ్డ విప్పుతున్నాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను, పొమ్మన్నా పోయేదాన్ని కాదు.

మొదటి నుంచీ చెప్పింది. నోటీసు, ఫోల్డర్ పేర్లు, చెత్తబుట్ట బ్రాంచ్‌లు, తుడిచేసిన ల్యాప్‌టాప్, మంచినీళ్ళిచ్చిన ఆవిడ. తను మీటింగులో అన్న మాట కూడా, వాడు మర్చిపోయుంటాడన్నట్టు, మళ్ళీ అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. వాడి చేతిలో కత్తెర ఆగలేదు. ఒక్కో కుట్టూ తెగుతుంటే చిన్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"అయితే తేల్చలేమన్నమాట" అన్నాడు వాడు, అంతా విన్నాక.

"రిపోర్ట్‌లో అంతే. కానీ నాకు తెలుసు. నువ్వు రాశావు."

"ఎలా తెలుసు?"

"నువ్వెలాంటివాడివో నాకు తెలియదా?"

"అప్పుడూ తెలుసు కదా."

ఆ మాటలో కోపం ఉన్నా నేను సంతోషించేదాన్ని. లేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగాడు. ఆమె తల దించుకుంది. "తప్పు చేశాను" అంది. "నిన్ను కాకుండా దాన్ని నమ్మాను. నన్నేమైనా అను. కానీ నువ్వు రాశావు, అది మాత్రం ఖాయం."

వాడు కత్తెర పక్కన పెట్టాడు. "మొదట్లో బాగా గుర్తుండేది. ఏ లైను తర్వాత ఏ లైను రాశానో కళ్ళకి కట్టినట్టు ఉండేది. రోజూ పడుకునే ముందు ఒకసారి గుర్తు చేసుకునేవాణ్ణి, మర్చిపోకూడదని. నువ్వన్నావు చూడు, మర్చిపోయుంటావని. అందరూ అదే అన్నారు. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా, ఇది రాసినందుకు గుర్తుందా, రాశానని అనుకుంటున్నందుకు గుర్తుందా అని అనుమానం మొదలైంది. ఇప్పుడు ఎంత ఆలోచించినా నాకేం కనపడదు. టేబుల్, కుర్చీ, తెర ఉంటాయి. తెర మీద ఏమీ ఉండదు."

"రాశావు. నేను నమ్ముతున్నాను. ఒట్టు."

"నువ్వు నమ్ముతున్నావు సరే" అన్నాడు వాడు, చాలా నెమ్మదిగా, ఆమెని ఓదారుస్తున్నట్టు. "నేనే నమ్మట్లేదు."

 నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఉద్యోగం పోతే పోయింది, ఇంకెక్కడైనా ఇంకేదైనా చూసుకుంటాం. తన మీద తనకున్న నమ్మకాన్ని ఒకడి లోపలి నుంచి తుడిచేస్తే అది ఏ బద్ధకస్తుడి ల్యాప్‌టాప్‌లో వెతికి తెస్తాం? ఆ మాట నేను గట్టిగానే అనేశాను. ఇద్దరూ నా వైపు చూశారు.

చీకటి పడుతోందని లేచాం. కోటులోంచి రాలిన దారాలు మా మరదలి ఒళ్ళంతా అంటుకుని ఉన్నాయి. ఒక్కటి కూడా దులుపుకోలేదు. నేను షట్టర్ దించాను, వాడు తాళం వేశాడు, ఎప్పటిలాగే ఫోటో తీశాడు. నాలుగడుగులు వేశాక వీధి మధ్యలో ఆగి ఫోన్ తీసి చూసుకున్నాడు. ఫోన్‌ని ఆమె ముందు పెట్టాడు.

"ఇది ఇవాళ్టిదేనా?" అని అడిగాడు.

ఆమె ఫోన్ వైపు చూడలేదు. వెనక్కి వెళ్ళి, తాళాన్ని రెండు చేతులతో పట్టుకుని లాగి చూసి వచ్చింది. "ఇవాళ్టిదే. వేశావు" అంది.

వాడు తల ఊపాడు. ఊపి, వెనక్కి వెళ్ళి ఇంకో ఫోటో తీసుకున్నాడు.